రాగి తీగ, నా చెవి

పన్నెండేళ్ళుగా ఈ షెడ్డులో ప్లాస్టిక్‌ను చెవితో ఏరుతున్నాను. తరిగిన ముక్కలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఇనప పళ్ళెంలో పడేస్తే మాత్రం పైపు ముక్క ఒకలా మోగుతుంది, సీసా ముక్క ఇంకోలా. మాకు కావలసింది పైపు ముక్క. ఉక్కు కొలిమి దుమ్ముతో కలిపి వేడి చేస్తే, అందులోని క్లోరిన్ దుమ్ములోని జింక్‌ను లాక్కుని ఆవిరై లేస్తుంది. దాన్ని గొట్టంలో చల్లార్చి తెల్లటి పొడిగా పట్టుకుంటాం. సీసా ముక్కలు ఎంత కాల్చినా జింక్ కదలదు.

ఆర్నెల్ల కిందట మా తోడికోడలు పనిలో చేరింది. బుద్ధి గడ్డి తిని నేనే చెప్పి పెట్టించాను. అది ఒక రాగి తీగ తెచ్చుకుంది. తీగను ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెడుతుంది. పైపు ముక్కైతే ఆకుపచ్చ మంట లేస్తుంది. ఇంజనీరు కళ్ళు చేటంత చేసుకుని చూశాడు. ఇంట్లో మా అత్తగారైతే వచ్చినవాళ్ళందరికీ "మా చిన్నదాని తెలివే తెలివి" అని ఒకటే చెప్పడం. నా చెవి గురించి పన్నెండేళ్ళలో ఒక్కరికి చెప్పిన పాపాన పోలేదు. అబద్ధమెందుకు, ఆ మంట లేచినప్పుడల్లా నా కడుపు మండిపోయేది.

ఏరేవాళ్ళ మీద ఒక పెద్దను పెడతామన్నారు. ఇద్దరం చెరో సంచి ఏరాలి, ఎవరి సంచికి జింక్ ఎక్కువ వస్తే వాళ్ళే పెద్ద. ఆ పొద్దున దాని తీగ తీసి నా జేబులో వేసుకున్నాను.

అది బల్లంతా వెతికి, చివరికి నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నా తీగ కనపడట్లేదు. కాస్త నువ్వు విని చెప్తావా? నీ చెవి ముందు నా తీగెంతలే."

ఆ మాటకైనా మనసు కరగాలి. కానీ నన్ను పొగిడే పెద్దరికం కూడా దీనికొచ్చిందా అని ఇంకా మండింది. సీసా ముక్క మోగినప్పుడల్లా "పైపే, వేసుకో" అన్నాను.

సాయంత్రానికి నా సంచికి గొట్టం నిండా తెల్లటి పొడి దిగింది. దాని సంచికి చిటికెడు. ఇంజనీరు నన్ను చూసి నవ్వబోతుంటే అది నోరు విప్పింది.

"నా సంచి కూడా అక్కే విని ఏరిపెట్టింది సార్. నేనే ఎక్కడో కలిపేసుంటాను."

ఇంజనీరు నవ్వు ఆగిపోయింది. "అయితే మీ చెవి చెప్పేది సగం తప్పేనన్నమాట. ఇన్నాళ్ళూ నమ్మాం."

వయసు మీద పడింది సార్ అంటే సరిపోయేది. పదవి పోయినా పరువు దక్కేది. కానీ అది పక్కన నిలబడి నా చెవి మీద జాలిపడుతోంది. ఆ జాలి మాత్రం భరించలేకపోయాను.

"నా చెవి తప్పలేదు సార్," అని జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టాను.

తీగ దొరికిందని ముందు దాని మొహం వెలిగింది. ఆ తీగ ఎవరి జేబులో దొరికిందో అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది.