తూము నివేదికకు మొదటి వాక్యం

ఒక్క అక్షరమైనా అంచు దాటిందేమోనని ఒక కన్ను మూసి చూసుకుని, టైపిస్టు సమాధానం ఆ రోజు రెండో ఉత్తరాన్ని టైపు మిషన్లోంచి లాగాడు.

సన్నటి మనిషి. యాభై ఆరేళ్లు. ఎంత ఉక్కగా ఉన్నా చొక్కా మెడ బొత్తాం విప్పడు. ముప్పై ఏళ్లు మీటలు నొక్కీ నొక్కీ చూపుడు వేళ్ల కొసలు చదునుగా అయిపోయాయి. ఎవరు గట్టిగా పిలిచినా లేచి నిలబడతాడు. ఒకసారి బయట ఎవరో గేదెను అదిలిస్తే దానికీ లేచాడు. ఆ సంగతి చెప్పుకుని ఆఫీసు వారం రోజులు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

ఆ నీటిపారుదల ఆఫీసు ముత్తుకూరు దారిలో ఉంది. సముద్రం కనపడదు గానీ కిటికీ అద్దాలు ఎప్పుడూ ఉప్పుతో జిగటగా ఉంటాయి. పందొమ్మిది వందల అరవై రెండు, నవంబరు. పొద్దున రేడియోలో వాయుగుండం అన్నారు. బయట మాత్రం ఎండ కాస్తోంది.

ఇంజనీరు పద్మనాభయ్య వచ్చి పన్నెండు కాగితాల కట్ట బల్ల మీద పడేశాడు.

"సమాధానం, ఈ ఓవర్సీరు పెంచలయ్య ఇంగ్లీషు చదివితే నాకు కడుపులో తిప్పతా ఉంది. ఒక్క పేజీకి కుదించి, నునుపు చేసి పెట్టు. రెండు గంటలకు జీపు నెల్లూరు పోతుంది. ఆడుండే పెద్దాయన ఒక పేజీకన్నా చదవడు."

"అట్నే సార్."

"'పుచ్చింది' అని రాయబాక. పోయినేడు రిపేరు చేయించింది నేనే గదా. వయసు మీదపడిందనో ఏదో ఒకటి అను. నీకు నేను చెప్పాలా!"

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న తూము గురించిన నివేదిక అది. పోటు నీళ్లు పైకి రాకుండా ఆపే చెక్క తలుపు, దాని పక్కనే పల్లంలో దిబ్బపాళెం, ముప్పై గుడిసెలు. తొమ్మిదో పేజీలో పెంచలయ్య వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు: తలుపు అడుగు చెక్కలోకి నా కత్తి పిడిదాకా దిగింది. గాలివాన వస్తే నిలవదు. జనాన్ని ముందే లేపాలి.

సమాధానం ఆ మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాడు.

మోటు మాటను మెత్తగా చేయడం ఆయన విద్య. ఎవరు చేశారో కనపడకుండా వాక్యాన్ని తిప్పగలడు. చెడ్డ కబురును చివరి పేరాలోకి, పొగడ్త వెనక్కి జరపగలడు. ఎనిమిదేళ్ల కింద, వేరే ఊళ్లో, ఇంకో ఇంజనీరు దగ్గర, ఒక కట్ట గురించి 'తెగుతుంది' అని ఉన్నదాన్ని 'తగు సమయమున పరిశీలన అవసరం కావచ్చును' అని మార్చాడు. పై అధికారి ఎర్ర పెన్సిల్‌తో పక్కన 'చక్కని భాష' అని రాశాడు. నెల తిరక్కుండా కట్ట తెగింది. ముగ్గురు పోయారు. అందులో ఒకామె దగ్గర ఆయన ప్రతి శనివారం చేపలు కొనేవాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. కానీ కాగితం అడుగున ఎడమ మూల, టైపు చేసినవాడి గుర్తుగా ఆనవాయితీగా వేసే రెండు చిన్న అక్షరాలు ఆయనవే.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాడు. భార్య నవోమి చేపల పులుసు వడ్డించింది.

"ఏందయ్యా, ఉపవాస ప్రార్థనలో కూసున్నట్టు కూసున్నావు?"

"నవోమీ, ఉండేది ఉన్నట్టు రాస్తే ఏమవుద్ది?"

"రాసినోడి ఉద్యోగం పోద్ది." ఆమె నవ్వింది.

"రాయకపోతే?"

ఆమె గరిటె ఆగింది. "ఎవురి గురించి?"

"దిబ్బపాళెం."

"మన చర్చికొచ్చే రెబెక్కమ్మ వాళ్లుండేది ఆడేగా," అంది నెమ్మదిగా. చేప తలకాయ తీసి ఆయన కంచంలో వేసింది.

ఆఫీసుకొచ్చి కాగితం ఎక్కించాడు. వేళ్లు అలవాటుగా నడిచాయి: 'కాలక్రమమున తలుపునందు కొంత బలహీనత గమనింపబడినది.' ఎంత అందమైన వాక్యం! చూస్తుంటే ఆ ఎర్ర పెన్సిల్ గుర్తొచ్చింది. లాగి ఉండ చుట్టాడు. కొత్త కాగితం మీద మొదటి వాక్యం ఇలా పడింది: తూము తలుపు పుచ్చిపోయింది, ఈ తుఫానుకు తెగుతుంది, ముప్పై కుటుంబాలను ఇవాళే తరలించాలి.

మిగిలిన పేజీ మామూలుగానే సాగింది. చివర ఎడమ మూల దగ్గర చెయ్యి ఆగింది. ఈ ఒక్కసారికి వదిలేస్తే? రెండు అక్షరాలూ వేశాడు.

పద్మనాభయ్య స్కేలు తీసి అంచుకు ఆనించి చూశాడు. "నూలు పట్టినట్టుంది!" అని కలం తెరిచాడు.

"సార్, ఒకసారి చదివి..."

"నీ ఇంగ్లీషు నేను దిద్దేదేంది పోవయ్యా!" సంతకం పడింది. జీపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత గాలికి తలుపు కొట్టుకున్నా సమాధానం ఉలిక్కిపడ్డాడు. మూడుసార్లు మంచినీళ్లు తాగాడు. నాలుగున్నరకు జీపు తిరిగొచ్చింది, వెనకాలే లారీ. దిబ్బపాళెం ఖాళీ చేయించాలని ఆర్డరు. పద్మనాభయ్య ఆఫీసు కాపీ తెప్పించుకుని, నిలబడే చదివాడు.

"నమ్మితినే నిన్ను," అన్నాడు. అరవలేదు. "నిన్ను గూడూరు సామాన్ల స్టోరుకు మారుస్తన్నా, రేపు పొద్దున్నే పో. ఈడ కనపడబాక."

"అట్నే సార్."

ఇంటికి నడుస్తుంటే రోడ్డు మీద లారీ ఆయన పక్కనే నెమ్మదించింది. లోపల చట్లు, చాపలు, పిల్లలు. చంకలో కోడితో రెబెక్కమ్మ.

"చూసినావా అన్నా! ఎవురో పనిలేనోడు రాసినాడంట. ఎండ కాస్తావుంటే ఇల్లిడిసి బడికి పొమ్మంటన్నారు!"

"అవునమ్మా," అన్నాడు.

తలుపు తెగకపోతే? తెగితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే ఆ కోరికకు భయపడి, రోడ్డు పక్కనే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

మర్నాడు తొలి బస్సుకు, సన్నటి జల్లులో, ఒక్క ట్రంకుపెట్టెతో వెళ్లిపోయాడు. సామాను సర్దుకుని నవోమి తర్వాత వస్తానంది.

మూడోనాడు తూము తెగింది. దిబ్బపాళెంలో ఉప్పునీళ్లు చూరుల దాకా నిలిచాయి. గుడిసెల్లో ఎవరూ లేరు. ఆ కబురు గూడూరుకు రాయాలని ఎవరికీ తోచలేదు.

నీళ్లు తీశాక పద్మనాభయ్య మోకాళ్లదాకా బురదతో ఆఫీసుకొచ్చి, సమాధానం ఖాళీ కుర్చీ ముందు ఆగాడు. తర్వాత సొరుగు లాగాడు. అందులో టైపు తప్పులు చెరిపే గుండ్రటి రబ్బరు ఒకటి ఉంది, అరిగి అరిగి పావలా కాసంత అయింది, దాని బ్రష్షు వెంట్రుకల మధ్య చెరిపిన మాటల నల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది.