చప్పుడు లేని కారు

మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే హరికృష్ణ యాభై దాటాక పెద్ద కారు కొన్నాడు. చాలా ఏళ్లుగా వాడిన చిన్న కారును అమ్మబుద్ధి కాక ఇంటి పక్క సందులో ఉంచాడు. దాంట్లో ఏసీ ఎప్పుడో పోయింది. వేగం పెంచితే ఇంజను హోరు, అద్దాల గడగడ. కొత్తదాంట్లో తలుపు వేసుకుంటే బజారు మోతంతా బయటే ఆగిపోయేది. గిన్నెల చప్పుళ్ల మధ్య మాట్లాడి మాట్లాడి పెద్దదైన అతని గొంతు కూడా అందులో తనంతట తానే తగ్గిపోయేది.

కొత్త కారులో మొదటిసారి భార్య వినోదను నర్సంపేటలోని ఆమె అక్క ఇంటికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఏవేవో చెప్పాడు. కారు ఎట్లుందని అడిగాడు. ఆమె కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ ఒకటి రెండుసార్లు ఊరికే తలూపింది. తనను అడగకుండా కొన్నందుకు అలిగిందనుకున్నాడు. ముచ్చటపడి కొన్న కారులో అతనికి ఒంటరిగా అనిపించింది. వచ్చేటప్పుడు తనూ మాట్లాడలేదు.

నెల తిరిగాక అక్క మనవడి పుట్టువెంట్రుకలకు మళ్లీ పోవలసి వచ్చింది. కొత్త కారు సర్వీసింగుకు ఇచ్చి ఉండటంతో పాతది తీశాడు.

"ఈ గుంతలు ఎప్పుడు పూడుస్తరో!" ఊరు దాటగానే ఇంజను హోరు మీదుగా అరిచాడు.

"మొన్ననే పూడ్చిరి గదా, వానకు మళ్ల పడ్డయి!" వినోద నవ్వింది. ఆ తర్వాత గీసుగొండ దాకా ఇద్దరి మాటలూ ఆగలేదు.

మక్కకంకులు కాలుస్తున్న చోట కారు ఆపి ఇంజను బంద్ చేశాడు. అటే చూస్తూ, "రెండు తీసుకుందామా?" అన్నాడు. జవాబు లేదు. తిరిగి చూస్తే ఆమె కొంగు సర్దుకుంటోంది. ముఖంలో ఇందాకటి నవ్వు అలాగే ఉంది.

"వినోదా," అన్నాడు మెల్లగా. ఆమె తలెత్తలేదు.

ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. "నీకు సరిగ్గ ఇనొస్తలేదా?" అని గట్టిగా అడిగాడు.

"ఏడాది నుంచి తగ్గుకుంట వచ్చింది. మీరు ఫికర్ జేస్తరని చెప్పలె. ఇంట్ల, ఈ బండ్ల మీరు గట్టిగ ఒర్రి మాట్లాడ్తరు, ఇనొస్తది. ఆ కార్ల మీ పెదవులు కదుల్తయి గని మాట రాదు."

"నువ్వు అలిగినవనుకున్న."

"అలిగితే మీకు తెల్వకుండ ఉంటదా?"

హనుమకొండలో పెద్ద డాక్టరుకు చూపించాడు. పరీక్షలన్నీ అయ్యాక చెవికి మిషన్ పెట్టారు. దవాఖాన నుంచి కొత్త కారులో వస్తూ మలుపు దగ్గర ఇండికేటర్ వేశాడు. వినోద ఉలిక్కిపడింది.

"ఏందది, టిక్కుటిక్కుమంటాంది?"

అతను చూపించాడు. ఆమె చిన్నపిల్లలా ముందుకు వంగి విన్నది. మలుపు తిరిగాక అది ఆగిపోయింది.

"మళ్ల ఎయ్యుండ్రి ఒకసారి."

తిన్నటి రోడ్డు మీద మళ్లీ వేశాడు. వెనక ఆటోవాడు విసుక్కుంటూ హారన్ కొట్టాడు.

"అది గూడ ఇనొచ్చింది," అంది వినోద.