గాజుముక్క బావిలో పడ్డ మర్నాడు

ఆదివారం సాయంత్రం ఏడున్నరకు వచ్చిన ఎపిసోడ్ కథ తనదేనని ఆసిఫా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 'రెండో వాంగ్మూలం' అనే ఆ క్రైమ్ సీరియల్ వాళ్ళు ప్రేక్షకుల నుంచి కథలు అడిగితే, నందిగామ కోర్టు ఎదుట వకీలు గారి ఆఫీసులో టైపు చేసే ఈ జగ్గయ్యపేట అమ్మాయి ఒకటి రాసి పంపింది. ఆరు నెలలకు దాన్ని తీశారు. టైటిల్స్‌లో 'కథ: ఎన్. ఆసిఫా' అని పడి, రెప్ప వేసేలోగా మాయమైంది. ఆ పేరు ఇంకాస్త సేపు ఉంచితే వాళ్ళ సొమ్మేం పోయిందని నాన్న నూర్ మహమ్మద్ అన్నం తింటూ మూడుసార్లు అన్నాడు.

సోమవారం పొద్దున నందిగామ బస్సు ఎక్కేసరికే లోపల రగడ మొదలైపోయింది. ఆసిఫా కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, ఫోను చూస్తున్నట్టు తల వంచి, చెవులు మాత్రం అటు పారేసింది.

గొడవంతా హెడ్ కానిస్టేబుల్ వెంకటరత్నం గురించి. నూట నలభై ఎపిసోడ్ల నుంచీ ఆ సీరియల్‌కు ప్రాణం ఆయనే. ఎవరి దగ్గరా టీ కూడా ఊరికే తాగని మనిషి. అలాంటి ఆయన నిన్న, తాగొచ్చి కూతుర్ని గొడ్డును బాదినట్టు బాదుతున్న మొగుణ్ణి బావిలోకి తోసి చంపిన సరోజ అనే ఆమెను కాపాడాడు. బావి గట్టున దొరికిన ఆమె చేతి గాజుముక్కను కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, నీళ్ళలోకి విసిరేశాడు. అక్కడితో ఎపిసోడ్ అయిపోయింది.

పక్క సీట్లో బేబి ఉంది. నందిగామలో ఒక ఆసుపత్రిలో ఆయా. ఆ గాజుముక్క నీళ్ళలో పడ్డప్పుడు తను లేచి నిలబడి చప్పట్లు కొట్టానని, తమ వీధిలో నాలుగిళ్ళలోంచి ఈలలు వినిపించాయని ఆమె అందరికీ చెబుతోంది. వెనక సీటులోని డిగ్రీ పిల్లలు మాత్రం సీరియల్ పాడైపోయిందని, ఇక వెంకటరత్నం కూడా అందరిలాంటి పోలీసేనని తేల్చేశారు. మధ్యలో ఎవరో గాజుముక్కతో కేసు ఎలా నిలుస్తుందని అడిగితే, ఇంకెవరో దానిమీద రక్తం ఉంది చూడలేదా అని కసిరారు. ఆసిఫాకు నవ్వొచ్చింది. రక్తం సంగతి తను రాయనేలేదు.

చిల్లకల్లులో రత్తయ్య ఎక్కాడు. విఆర్వోగా రిటైరై, నందిగామలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేస్తున్నాడు. ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా వదలని మనిషి. బస్సు హైవే ఎక్కకముందే బేబి ఆయన్ను కదిలించింది.

"ఎవరు రాశారో గానీ, ఆ మనిషిని ఎరక్కుండా రాశారు" అన్నాడు రత్తయ్య. "ఆయన తప్పు చెయ్యడని నేననను. చేస్తాడు. కానీ చేశాక ఇంటికెళ్ళి అన్నం తినగలడా? అది చూపించలేదే."

ఆసిఫా చెవులు వేడెక్కాయి. పొగిడినవాళ్ళ మాటలు గాలికి పోయాయి గానీ ఈ మాట మాత్రం సూటిగా వచ్చి తగిలింది. నిజమే. గాజుముక్క నీళ్ళలో పడగానే తను కలం మూసేసింది. ఆ మనిషి ఇంటికెలా వెళ్ళాడో ఆలోచించనేలేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సీరియల్ రచనా విభాగం చూసే భవానీప్రసాద్, హైదరాబాదు నుంచి. నిన్నటి నుంచి తమకు ఈమెయిళ్ళు, మెసేజ్‌లు కుప్పలుగా వస్తున్నాయట. సగంమంది దండాలు, సగంమంది తిట్లు. ఏ ఎపిసోడ్‌కూ ఇంతమంది రాయలేదట. దీనికి రెండో భాగం కావాలి, గురువారానికి ఇవ్వగలరా అని అడిగాడు.

"ఇస్తానండీ. వెంకటరత్నం గారు తర్వాత ఏం చేస్తారో నేనే రాస్తా" అంది ఆసిఫా ఉత్సాహం ఆపుకోలేక. ఫోను పెట్టేసి చూస్తే బేబి నోరు తెరుచుకుని తనవైపే చూస్తోంది.

"నువ్వా రాసింది?"

ఎవరూ నమ్మలేదు. తమ్ముడు వాసిం టీవీలో ఆమె పేరు పడ్డప్పుడు తీసిన ఫొటో చూపించాల్సి వచ్చింది. ఫోను చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్ళి వచ్చింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి, సరోజ దొరికిపోతుందా లేదా అదొక్కటి చెప్పమన్నాడు. డిగ్రీ పిల్లలు ఇందాకటి మాటలు ఏమీ అనుకోవద్దక్కా అన్నారు. ఆసిఫాకు ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది.

రత్తయ్య మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. బేబిని కాస్త జరగమని వాళ్ళ సీట్లోనే సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"నేనూ ఒకసారి అట్లాంటి పనే చేశానమ్మా. ఏటి పోరంబోకులో గుడిసేసుకున్న ఒకావిడ పేరు రిపోర్టులో రాయకుండా వదిలేశా. మంచి పనే చేశా అనుకున్నా. వారం రోజులు ముద్ద దిగలేదు. ఎనిమిదో రోజు తాసీల్దారు గారి దగ్గరికెళ్ళి చెప్పేశా."

"మరి ఆవిణ్ణి ఏం చేశారు?" అంది బేబి.

"గుడిసె పీకేశారు."

"అయితే చెప్పకుండా ఉండాల్సింది" అంది బేబి, కోపం దాచుకోకుండా.

"చెప్పాక అన్నం తిన్నా. ఆవిడ ఎక్కడికెళ్ళిందో మాత్రం కనుక్కోలేదు" అన్నాడు రత్తయ్య.

అది రాసుకోవచ్చా అని ఆసిఫా మెల్లగా అడిగింది. పేరు లేకుండా రాసుకో అన్నాడాయన. వెంకటరత్నం చేత గనక నిజం చెప్పిస్తే జన్మలో ఆ సీరియల్ చూడనని బేబి అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

ఆ మూడు రోజులూ ఆసిఫా ఆఫీసు పని అవగానే అక్కడే కూర్చుని రాసింది. మొదట వెంకటరత్నం కంచం ముందు నుంచి లేచిపోవడం రాసింది. తర్వాత ఎస్సై దగ్గరికి వెళ్ళి చెప్పేయడం రాసింది. అక్కడ ఆపబోయి ఆగలేకపోయింది. ఇంటికెళ్ళి అన్నం తినాల్సిన మనిషిని మళ్ళీ సరోజ గుమ్మం ముందుకు నడిపించింది. సస్పెండయిన ఆ హెడ్ కానిస్టేబులే, ఆమె కూతురి వీపు మీద తను చూసిన వాతల గురించి కోర్టులో సరోజ తరఫున సాక్ష్యం చెప్పాడు.

అది మూడు వారాల తర్వాత ప్రసారమైంది. మర్నాడు బస్సులో మళ్ళీ అదే రగడ, కాకపోతే మనుషులు పక్షాలు మార్చుకున్నారు. డిగ్రీ పిల్లలు ఇప్పుడు వెంకటరత్నం వైపు. ఒట్టు గట్టున పెట్టి చూసిన బేబి, ఆసిఫాతో మాట్లాడకుండా ముందు సీట్లోకి మారింది. చిల్లకల్లులో ఎక్కిన రత్తయ్య ఆసిఫా పక్కన కూర్చున్నాడు. అంబారుపేట దాటాక ఒక్క మాట అన్నాడు.

"కోర్టు దాకా వెళ్ళాడు చూడు. నాకా బుద్ధి పుట్టలేదు."

ఆయన చేతి సంచి జారిపోతుంటే ఆసిఫా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

నందిగామలో దిగుతుండగా బేబి వెనక్కి తిరిగింది. "ఇంతకీ సరోజకి బెయిలొస్తుందా, రాదా?" అంది ముఖం ముడుచుకునే.

ఆసిఫాకు నిజంగా తెలియదు. వకీలు గారు కోర్టుకు బయల్దేరకముందే అడిగి తెలుసుకోవాలని, చున్నీ భుజం మీదికి లాక్కుని, దాదాపు పరుగెత్తుతూ రోడ్డు దాటింది.