పింగాణీ ట్యాంకు అడుగున పచ్చ ఆకు

ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ స్టోక్ పక్కనున్న మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా సరే, పింగాణీ చేతికొస్తే ముందు తిరగేసి అడుగు చూస్తారు. పెళ్ళివిందులోనైనా అంతే. ఎవరు చేశారో తెలియందే మాకు టీ గొంతు దిగదు.

అలాంటి ఊళ్ళో, మా వీధి చివర కార్ఖానాలో పింగాణీ కాల్చిన సీసా ఆకారపు బట్టీని కూల్చి కార్లు నిలిపే జాగా చేస్తామంది కౌన్సిల్. ఆ కార్ఖానాలో చరిత్రకెక్కేదేదీ తయారు కాలేదట. అలాగని తేల్చినవాడు లండన్ నుంచి దిగిన అధికారి పెంబ్రీ. ఇలాంటివాళ్ళకి చరిత్రంటే రాజులూ సేనాపతులే. బట్టీల దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్ళు లెక్కలోకి రారు.

మాలో విన్నీ బ్లోర్‌కి ఆ బట్టీ అంటే ప్రాణం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆమె తల్లి అక్కడే పనిచేసింది. యుద్ధానికి గుర్తుగా జనం ఎగబడి కొనుక్కున్న అరచేతిలో పట్టే పింగాణీ యుద్ధట్యాంకు బొమ్మల మీద ఊళ్ళ చిహ్నాలకి రంగులు దిద్దేది. సముద్రపొడ్డు ఊళ్ళన్నీ వాటిని తమ పేరు మీద అమ్ముకున్నాయి. విన్నీ సంతలన్నీ తిరిగి వాటిని పోగేసింది. ఈ సైన్యం మధ్య చెంచా పెట్టుకోడానికి చోటు లేదని ఆమె భర్త పోయేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

బట్టీ వెనక పగిలిన సరుకు పారబోసిన పెంకుల దిబ్బని మేం ఆడవాళ్ళం తవ్వాం. పగిలిన ట్యాంకు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని కౌన్సిల్ సభకెళ్ళాం.

విన్నీ బల్లమీద పేర్చిన వాటిలోంచి పెంబ్రీ ఒకటి ఎత్తి చూపించాడు.

"ఇది సముద్రపొడ్డున ఉన్న బ్లాక్‌పూల్ చిహ్నం. వాళ్ళ బొమ్మల్ని వాళ్ళనే దాచుకోనివ్వండమ్మా. మీ ఊరికేం సంబంధం?"

విన్నీ వాదించలేదు. ఆ ట్యాంకుని తీసుకుని అధ్యక్షుడు టన్నిక్లిఫ్ చేతిలో పెట్టింది. అతను పెంబ్రీ పక్షమని అందరికీ తెలుసు. కానీ మా ఊళ్ళో పుట్టినవాడు. చెయ్యి దానంతటదే ట్యాంకుని తిరగేసింది. హాలంతా గొల్లున నవ్వింది.

అడుగున కంపెనీ పేరు లేదు. చిన్న పచ్చ ఆకు, పక్కన రెండు చుక్కలు. ఎవరి పని ఎవరిదో తెలియడానికి రంగులు దిద్దే ఆడవాళ్ళు పెట్టుకునే గుర్తు అది.

"ఇప్పుడిది చూడు నాయనా. మన దిబ్బలోది," అంటూ విన్నీ పగిలిన ట్యాంకు అందించింది.

దాన్నీ తిరగేశాడు. అదే ఆకు. అవే చుక్కలు.

"ఎవరి గుర్తు పిన్నీ?"

"మా అమ్మది. నా పాలకప్పు అడుగునా ఇదే వేసింది."

టన్నిక్లిఫ్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత తలెత్తాడు.

"పెంబ్రీ గారూ, మీరు అడుగు చూశారా?"

వెనక వరసలోంచి ఎవరో, పాపం ఆయనకి తిరగేస్తే కప్పులో టీ ఒలికిపోతుందని భయమేమో అన్నారు.

బట్టీ ఉండాలంటూ ముందు లేచిన చెయ్యి టన్నిక్లిఫ్‌దే. మిగతావి దాని వెనకే లేచాయి.

బట్టీ నిలబడే ఉంది. విన్నీ ట్యాంకులన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి, ఊళ్ళ చిహ్నాలు కిందికి, ఆకులు పైకి. అన్నిటినీ బోర్లించే పెట్టాం.