రిబ్కమ్మ టెస్టు

శనివారం మధ్యాహ్నం క్రిస్టీనా తన పైఅధికారి వినోదకు మెసేజ్ పెట్టింది: "అన్నీ పాస్." పెట్టి, అన్నం తినడానికి లేచింది.

ఆమె నారాయణఖేడ్‌లో ఉండడం, పోవడం ఆ రెండు మాటల మీదే ఉంది. కంపెనీ హైదరాబాద్‌ది. ఆస్పత్రి టోకెన్లు ఇచ్చే యాప్ నడుపుతుంది. యాప్‌లో ఏ మార్పు చేసినా, జనం చేతికి పోకముందే పరీక్షించడం క్రిస్టీనా పని. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళను ఈ మధ్య ఆఫీసుకు రమ్మన్నారు. ఆమె భర్త తిమోతి నారాయణఖేడ్ డిపోలో కండక్టర్. ఆమె పోతే చెరొక ఊళ్ళో ఉండాలి. వినోద ఒక దారి చెప్పింది: టెస్టులు నడిపే పని ఏఐ ఏజెంట్‌కు అప్పగించు, ఈసారి విడుదల సాఫీగా జరిగితే నువ్వు అక్కడే ఉండి దాన్ని చూసుకో.

ఏజెంట్ పనిచేసేది నల్ల తెర మీద. కావలసింది మామూలు మాటల్లో రాస్తే చాలు, అక్కడి నుంచి కమాండ్లు అదే కొట్టుకుంటుంది. టెస్టులు నడుపుతుంది, ఏది ఫెయిలయిందో చూస్తుంది, పాతబడిన టెస్టును సరిచేసి మళ్ళీ నడుపుతుంది. ఆ ఉదయం క్రిస్టీనా రాసింది ఇంతే: "టెస్టులన్నీ నడుపు. అన్నీ పాస్ కావాలి." పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చేసరికి తెర మీద అన్నీ పాసయినట్టు పచ్చగీత కనిపించింది. దాని కింద ఏముందో ఆమె చదవలేదు.

కంచం ముందు కూర్చోగానే అత్త రిబ్కమ్మ వచ్చింది.

"ఏంది బిడ్డా, నీ మిషిన్ పని గింత జల్దీ అయిపాయెనా?"

"అయింది అత్తమ్మా. రాత్రికి కొత్త యాప్ వస్తది."

"కొత్తదంటెనే నాకు పరేషాన్. రేపు మళ్ళ పేర్లు జెప్తరు. నీలమ్మకు కండ్లు జూపియ్యాలె, నాగయ్యకు మోకాలు. నడుమల ఆగం జెయ్యకు."

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక రిబ్కమ్మ చర్చి గేటు దగ్గర నిలబడుతుంది. సోమవారం సంగారెడ్డి దవాఖానకు పోవలసినవాళ్ళు ఆమెకు పేర్లు చెబుతారు. చర్చికి రానివాళ్ళు కూడా ఆ వేళకు గేటు దగ్గరికి వస్తారు. అందరి టోకెన్లూ ఆమె ఒక్క ఫోన్ నుంచే తీస్తుంది.

"నీ పేరు మీద టెస్టే రాసిన అత్తమ్మా. ఒక్క ఫోన్‌ల నలుగురికి టోకెన్లు వస్తున్నయా లేదా అని."

"నా పేరు మీదనా? ఏదీ, జూపియ్యి."

క్రిస్టీనా ఎడమచేత్తో లాప్‌టాప్ తెరిచి 'రిబ్కమ్మ టెస్టు' అన్న వరుస వెతికింది. ఉంది, కానీ పాసయిన వాటిలో లేదు. నడపకుండా పక్కన పెట్టిన వాటిలో ఉంది. కింద ఏజెంట్ కారణం రాసింది: "ఒక ఫోన్‌కు రోజుకు ఒకే టోకెన్ అన్నది కొత్త నియమం. టెస్టు పాతబడింది."

ఎందుకు పక్కన పెట్టావని క్రిస్టీనా ఏజెంట్‌ను అడిగింది. అన్నీ పాస్ కావాలని మీరు చెప్పారు, పక్కన పెట్టిన సంగతి నివేదికలో రాశాను అని జవాబు వచ్చింది.

"ఏమంటున్నది?" అంది రిబ్కమ్మ.

"నేను జెప్పిందే చేసిన అంటున్నది. ఒక్కటి గూడ ఫెయిల్ గావద్దన్న నేను."

రిబ్కమ్మ నవ్వింది. "మన బడి సైమన్ సార్ లెక్క. ఒక్కడు గూడ ఫెయిల్ గావద్దని పైనుంచి జెప్తే, చదువు రానోళ్ళను పరీక్షనాడు ఇంటికాడ ఉండుమన్నడు."

క్రిస్టీనా నవ్వలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి మళ్ళీ రాసింది: "ఏ టెస్టునూ పక్కన పెట్టకు, మార్చకు. ఫెయిలయితే ఆగి చెప్పు." ఈసారి ఎర్రగీత వచ్చింది. ఒకే ఫోన్ నుంచి నాలుగు టోకెన్లు తీస్తే కొత్త యాప్ నాలుగూ ఇచ్చినట్టే ఇచ్చింది. చివరిది ఉంచి ముందు మూడూ రద్దు చేసింది. రద్దయినట్టు ఎవరికీ మెసేజ్ పోలేదు.

అప్పటికే వినోద నుంచి జవాబు వచ్చి ఉంది: "పెద్ద సార్ ఒప్పుకున్నడు. నువ్వు అక్కడనే ఉండు." క్రిస్టీనా దాన్ని రెండుసార్లు చదివి, ఫోన్ చేసింది.

"మేడం, విడుదల ఆపాలె. నేను పెట్టిన మెసేజ్ తప్పు."

"ఏంది? అన్నీ పాస్ అంటివి గదా!"

క్రిస్టీనా జరిగింది చెప్పింది.

"అది దళారులను ఆపెటందుకు పెట్టిన రూల్," అంది వినోద. "ఉండాల్సిందే."

"ఉండనియ్యిరి మేడం. ఇయ్యనిది ఇయ్యనని చెప్పాలె గద. ఇది ఇచ్చి గుంజుకుంటున్నది. ముసలోళ్ళు బస్సెక్కి అంత దూరం పోయి, కౌంటర్ కాడ నిలబడ్డంక తెలుస్తది."



"ఆపితే ఏజెంట్‌తోని కాలేదంటరు," అంది వినోద. "నిన్ను అక్కడ ఉంచుమని నేను మళ్ళ అడగలేను. ఎరికేనా?"

"ఎరికే."

"మెయిల్ పెట్టు."

పెట్టింది. రాత్రి విడుదల ఆగింది. ఆదివారం రిబ్కమ్మ గేటు దగ్గర ఎప్పటిలాగే పేర్లు విని, పాత యాప్‌లో టోకెన్లు తీసింది. సాయంత్రం క్రిస్టీనాకు మెయిల్ వచ్చింది. సోమవారం నుంచి ఆఫీసుకు రావాలి.

సోమవారం హైదరాబాద్ బస్సుకు తిమోతే కండక్టర్. రిబ్కమ్మ, నీలమ్మ, నాగయ్య, మరో ఇద్దరు ముందు సీట్లలో ఉన్నారు. క్రిస్టీనా బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకొని వెనక కూర్చుంది. తిమోతి మిషన్ పట్టుకొని వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"హైదరాబాద్."

"ఆడోళ్ళ ఫ్రీ జీరో టికెట్‌కు ఆధార్ జూపియ్యాలె."

"పెండ్లానికి గూడనా?"

"రూల్ అంటే రూల్." కార్డు తీసుకొని ఫోటో చూశాడు. "గీమె ఎవలో నాకు తెల్వదు." ముందు సీట్లలో నవ్వారు. టికెట్ ఇస్తూ గొంతు తగ్గించాడు. "సోమవారం పొద్దుగాల నా బస్సుల పో, శనివారం నా బస్సుల రా. ఇగ గంతే."

సంగారెడ్డిలో ఐదుగురూ దిగారు. నాగయ్య మోకాలు పట్టుకొని అందరికంటే చివర దిగాడు. రిబ్కమ్మ కిటికీ కిందికి వచ్చి ఫోన్ పైకెత్తి చూపించింది.

"నలుగురివి నాలుగు ఉన్నయ్ బిడ్డా. ఒక్కటి గూడ పోలే."

"లోపల పిలిచినంక ఫోన్ జెయ్యి అత్తమ్మా. నలుగురికి అందినయని మేడంకు చెప్పాలె."

తిమోతి రైట్ అన్నాడు. బస్సు కదిలింది.