మరియమాత గది

నా భర్త ఫిదెన్సియోకి రెండు కిడ్నీలూ పోయాయి. గ్వాదలహారా పట్నంలో ఆస్పత్రికి వెళ్లి మిషన్ మీద రక్తం కడిగించుకోవాలి, లేదా ఇంట్లోనే పొట్టలోకి గొట్టంతో మందునీళ్లు ఎక్కించి తీయాలి. ఆయన ఇల్లే మేలన్నాడు. దానికి దుమ్ము లేని గది కావాలన్నారు డాక్టర్లు. మా ఇంట్లో తలుపు సరిగ్గా పడేది అత్తయ్య ప్రార్థన చేసుకునే మరియమాత గది ఒక్కటే.

"పూలూ కొవ్వొత్తులూ విగ్రహం అన్నీ తీసేయాలి అత్తయ్యా."

"అమ్మను తీసుకెళ్లి కోళ్లగూటి పక్కన పెట్టమంటావా?"

నాకు ఒళ్లు మండింది. "మీ కొడుకు పొట్టలో చీము పడితే ఆవిడొచ్చి కడుగుతుందా?"

తెల్లారి చూస్తే విగ్రహం కోళ్లగూటి పక్కనే ఉంది. అత్తయ్య ఖాళీ గదిలో గోడలు కడుగుతోంది.

"వానొస్తే తడుస్తుందేమో," అన్నాను మెల్లగా.

"తడవనీ. కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఏమీ అనుకోదులే."