మూడొందల ఏళ్ళ మర్యాద

"ఏమే, ఆ డబుల్ కాట్ పరుపు మూతి కుట్టావా లేదా?" అంటూ మొహిద్దీన్ బాషా కాలితో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. నస్రత్ దబ్బనం పట్టుకుని ఆ పరుపు మీదికే వంగి ఉంది. కుట్టిందో లేదో కళ్ళ ముందే కనబడుతోంది. అయినా అడగాలి. అడగడం ఆయన వంతు, "ఇంకో జానెడు ఉందండీ" అనడం ఈమె వంతు. పదిహేడేళ్ళుగా సాగుతున్న సంభాషణ, కొత్తగా నొచ్చుకోవడానికి ఇందులో ఏం మిగిలిందని? ఆయన మూలనున్న దిండ్లు రెండు చంకన పెట్టుకుని, తలుపు బార్లా వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ తలుపుకి లోపల గడియ లేదు. సత్తెనపల్లిలో ముందు పరుపుల షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఈ దూది గది. దూదికి గడియ ఎందుకని ఎవరూ పెట్టించలేదు. షాపుకొచ్చిన పిల్లతల్లులు బిడ్డకి పాలివ్వాల్సి వస్తే ఈ గదిలోకే వచ్చి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటారు. నస్రత్ కూడా తన పిల్లలిద్దరికీ అట్లాగే పాలిచ్చింది. ఇప్పుడు పిల్లలు హైస్కూలుకి పోతున్నారు, గడియ మాత్రం రాలేదు.

అదే గదిలో స్టూలు మీద తమ్ముడు కలీం ఇచ్చిన పాత లాప్‌టాప్ పెట్టుకుని ఆమె సబ్‌టైటిల్స్ రాస్తుంది. జపాన్ వాళ్ళ యానిమే బొమ్మల కథలకి, ఇంగ్లీషు స్క్రిప్టు చూసి, తెలుగు మాటలు. పెళ్ళికి ముందు నల్లపాడులో ఇంగ్లీషు టీచరు. "నువ్వు బడికి పోతే ఇంట్లో వండేదెవరు?" అని పెళ్ళయ్యాక బాషా అడిగితే ఏం చెప్పాలో తోచక ఉద్యోగం మానేసింది. ఇప్పటికీ తోచలేదనుకోండి. కాకపోతే మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం టీ పెట్టేలోపు రెండు గంటలు దొరుకుతాయి. హైదరాబాదులో ఉన్న స్నేహితురాలు నగ్మా ఈ పని ఇప్పించింది. "బొమ్మలు చూడ్డం కూడా ఒక పనేనా?" అంటాడు బాషా. దూది ఏకడం పనైతే మాటలు ఏకడం పని కాదా అని నోటిదాకా వస్తుంది. అక్కడే ఆగిపోతుంది.

ఈసారి వచ్చింది రక్తపిశాచి కథ. పిశాచి పేరు రేన్. వయసు మూడొందల ఏళ్ళు, చూడ్డానికి పాతికేళ్ళ కుర్రాడు. మియో అనే మనుషుల పిల్లని ప్రేమించాడు. అతని వాళ్ళకి తెలిస్తే అతన్ని ఎండలో కట్టేస్తారు, ఆమె వాళ్ళకి తెలిస్తే అతని గుండెలో మేకు దిగ్గొడతారు. దీనికి తోడు ఇంకో కట్టుబాటు. ఇంట్లోవాళ్ళు నోరు తెరిచి పిలవందే పిశాచి గడప దాటలేడు. మొదటి ఎపిసోడ్ నుంచీ రేన్ మియో ఇంటి గుమ్మం అవతలే, వానలో, మంచులో. "లోపలికి రావచ్చా?" అని అడుగుతాడు. మియో వద్దంటే తల వంచి వెళ్ళిపోతాడు. మర్నాడు మళ్ళీ వస్తాడు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, నలభైకి రెండేళ్ళ దూరంలో ఉన్న నస్రత్ ఆ పిశాచి మీద మనసు పడింది. అందం చూసి కాదు. ఆ నిలబడటం చూసి. పప్పుకి తాలింపు వేస్తున్నా, దబ్బనం గుచ్చుతున్నా ఆ నిలబడటమే కళ్ళకి కట్టేది. తన దగ్గరికి ఎవరు అడిగి వచ్చారు గనక? బాత్రూంలో ఉంటే తలుపు బాదుతారు. చేతిలో ఫోన్ ఉంటే లాక్కుని చూస్తారు. పడుకుంటే, నిద్రపోయిందో మెలకువగా ఉందో కూడా చూడకుండా మీద చెయ్యి పడుతుంది. చెడ్డవాడు కాదు బాషా. తాగడు, కొట్టడు. ఊళ్ళో అందరూ "నీకేంటమ్మా, బంగారం లాంటి మనిషి" అంటారు. బంగారమే. కానీ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ మనిషి తన గడప అవతల ఆగి, రానా అని అడిగితే! రమ్మంటుందో లేదో తర్వాత సంగతి. ఆ అడిగిన క్షణం తనది అవుతుంది కదా. దానికోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఇంగ్లీషు స్క్రిప్టులో అందరికీ ఒకటే 'యు'. దేవుడికీ యు, కుక్కకీ యు. తెలుగులో అట్లా కుదరదు, నువ్వో మీరో తేల్చుకోవాలి. నస్రత్ రెండు రోజులు ఆలోచించి, రేన్ చేత మియోని 'మీరు' అనిపించింది. ఎందుకంటే ఆమెకొక 'మీరు' గుర్తుంది. పెళ్ళిచూపుల్లో బాషా తల వంచుకుని, చెవులు ఎర్రబడిపోతుంటే, "మీరు ఏం చదువుకున్నారండీ?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పేసుకుంది. నిఖా అయిన మర్నాడు పొద్దున్నే "ఏమే, వేణ్ణీళ్ళు" వినబడింది. అంతే, ఆ 'మీరు' మళ్ళీ కనబడలేదు. పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. షాపులో ఉంది. "రండమ్మా, కూర్చోండి. మెత్తగా ఉందో లేదో మీరే చెప్పాలి" అని గోడ అవతల రోజూ వినబడుతూనే ఉంటుంది. పరుపు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళని చూసి కుళ్ళుకున్న పెళ్ళాం ఈ జిల్లాలో తనొక్కతే అయి ఉంటుందని ఆమెకి నవ్వొచ్చేది.

ఇంతలో హైదరాబాదు నుంచి, తప్పులు దిద్దే శ్రీకృష్ణ గారి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మేడమ్, లవర్స్ మధ్య మీరు ఏంటండీ? అత్తగారూ అల్లుడూ మాట్లాడుకున్నట్టుంది. అబ్బాయి నువ్వు అనాలి. అమ్మాయి కావాలంటే మీరు అనొచ్చు. రేపు మూడింటికల్లా మార్చి పంపండి. మార్చకపోతే తర్వాతి సిరీస్ మీకు ఇప్పించడం నా వల్ల కాదు, ముందే చెప్తున్నా."

నస్రత్ ఆ మెసేజ్ రెండుసార్లు విని, చివరి ఎపిసోడ్ పెట్టుకుని కూర్చుంది. అత్త రహిమున్నీసా వచ్చి దూది బస్తా మీద చేరగిలబడింది. బొమ్మలో రేన్ మంచులో నిలబడి ఉన్నాడు.

"వాడేంటే, పొద్దస్తమానం గుమ్మం బయటే నిలబడతాడు? లోపలికి రాడే?"

"పిలవకపోతే రాకూడదత్తా. పిశాచి కదా."

రహిమున్నీసా లాప్‌టాప్ దగ్గరికి జరిగింది. కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లో "మొగుడికి ఎదురు చెప్పమాక" అని నేర్పింది ఈవిడే. "మీ మామ పోయి తొమ్మిదేళ్ళయింది," అంది. "ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశా. అడగడమనేది ఒకటుంటదని ఇదిగో, ఇప్పుడు ఈ పిశాచిని చూస్తే తెలిసింది." ఆ వెంటనే ముక్కు చీది, "మంచి పిల్లోడే పాపం. పిలవమను దాన్ని, తడిసి చస్తన్నాడు" అంది.

మర్నాడు బాషా బట్ట తీసుకురావడానికి గుంటూరు వెళ్ళాడు. షాపులో బల్ల కాలు సరిచేయడానికి వడ్రంగి యలమందయ్య వచ్చాడు. అత్త అతన్ని దూది గదికి తీసుకెళ్ళి, "లోపల గడియ బిగించు" అంది. వీధిలో మిర్చి లారీ వెళ్తుంటే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, "లోపల దేనికమ్మా? దొంగలు వచ్చేది బయట్నించి గదా!" అన్నాడు యలమందయ్య.

"పిల్లతల్లులు కూర్చుంటారయ్యా. నీకెందుకు, కొట్టు."

కోడలి మొహం వైపు మాత్రం ఆవిడ చూడలేదు. నస్రత్ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. తలుపు మూసుకుని, దానికి వీపు ఆనించకుండా ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

మూడు కావస్తుండగా శ్రీకృష్ణ గారు ఫోన్ చేశారు. "మార్చారా మేడమ్?"

"లేదండీ, మార్చలేదు," అంది నస్రత్. టీచరమ్మ గొంతు. తనకే గుర్తు లేనంత పాత గొంతు. "ఆ అబ్బాయి అనుమతి అడుగుతున్నాడండీ. నువ్వు అనిపిస్తే అడిగినట్టుండదు, వచ్చేసినట్టుంటుంది."

"పరాయివాళ్ళలా ఉందండీ!"

"పరాయివాళ్ళే కదండీ. ఎంత ప్రేమించినా ఆ ఇల్లు ఆమెది. నా పేరుతో వెళ్ళేదైతే ఇట్లాగే వెళ్ళాలి. కాదంటే నా పేరు తీసేయండి, తర్వాతి సిరీస్ వేరేవాళ్ళకి ఇచ్చుకోండి." ఆయన ఏదో గొణిగి, పైవాళ్ళతో మాట్లాడతానని పెట్టేశారు. పని పోయినట్టే. అయినా గుండె తేలిగ్గా ఉంది.

అప్పుడు తలుపు కదిలింది. బాషా గుంటూరు నుంచి వచ్చేశాడు. ఎప్పట్లాగే కాలితో తోశాడు, తలుపు రాలేదు. లోపల ఎవరో ఆడమనిషి దర్జాగా మాట్లాడటం వస్తూ వస్తూ విన్నాడు, అది పెళ్ళాం గొంతని తట్టలేదు. ఆ గదిలో తలుపేసుకుని కూర్చునేది పిల్లతల్లులే. "అమ్మా, లోపలెవరన్నా ఉన్నారా?" అని అడగడం వినబడింది.

"ఉన్నారు," అంది వసారాలోంచి రహిమున్నీసా.

"ఎవరు?"

"నన్నడుగుతావేంట్రా? వాళ్ళనే అడుగు."

రెండడుగులు వెనక్కి వేసిన చప్పుడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత మెత్తగా, తగ్గించి, "లోపల ఎవరండీ? ఏమనుకోవద్దు. దిండ్లు తీసుకోవాలి. మీకు ఇబ్బంది లేకపోతే, లోపలికి రావచ్చా అండీ?" అన్నాడు.

నస్రత్ లాప్‌టాప్ మీంచి తలెత్తింది. అదే గొంతు. పదిహేడేళ్ళ కిందట చెవులు ఎర్రబడిన కుర్రాడి గొంతు. తనకి కాదని తెలుసు. 'నేనే' అన్న మరుక్షణం ఆ గొంతు ఉండదనీ తెలుసు. అయినా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. కాసేపు పలక్కుండా కూర్చుంది. అవతల ఆ మనిషి తోయకుండా, బాదకుండా, అట్లాగే నిలబడి ఉన్నాడు. ఎంత బాగున్నాడో అనిపించింది.

"నేనేనండీ," అంది చివరికి.

"నువ్వా! ఏమే, గడియేంటిది? ఎవర్నడిగి పెట్టించావు? తియ్యి తలుపు!" ధనామని కాలితో తన్నాడు. యలమందయ్య పనితనం గట్టిది, గడియ కదల్లేదు.

నస్రత్ ఒక్క 'మీరు' కూడా మార్చకుండా ఫైలు పంపేసింది. లేచి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"ఇందాక అడిగారు చూడండి," అంది నెమ్మదిగా. "అట్లాగే అడగండి. తీస్తాను."